గంటన్నర వెనక్కి జరిగిన పెళ్ళి

సరిగ్గా నాలుగు గంటలకు పాండును మేజిస్ట్రేటు ముందు నిలబెడతారు. నేను ఎయిర్‌పోర్టు దారిలోని సాతంరాయిలో శివమ్మ ఇంటి ముందు స్కూటీ ఆపేసరికి ఒంటిగంటా నలభై. అంటే నా చేతిలో ఉన్నది రెండు గంటల ఇరవై నిమిషాలు. ఆ తర్వాత పాండు హత్య కేసులో రిమాండు ఖైదీ. ఒకసారి లోపలికి పోయిన మనిషిని బయటికి లాగడం ఎంత కష్టమో ఈ పదకొండేళ్ళ డిటెక్టివ్ ఉద్యోగంలో నాకు బాగానే తెలిసొచ్చింది.

పాండు తల్లి శివమ్మ గేటు దగ్గరే నా చెయ్యి పట్టుకుంది.

"కవితా, నువ్వు నా బిడ్డ లెక్క. నా కొడుకు నోరు పెద్దగ జేస్తడు గని ఎవరి మీద చెయ్యెత్తెటోడు కాదు. జర సూడు బిడ్డా."

"చూసేందుకే వచ్చిన అక్కా. ఏడుపు బంద్ పెట్టి అడిగినదానికి జవాబియ్యి. సోమవారం నాడు లొల్లి అయిందా, లేదా?"

"అయింది. అబద్ధమెందుకు? పై అంతస్తుల కిరాయికుండె శ్రీరామమూర్తి సారు, ఎనుక కుంటల మట్టి పోస్తున్నరని ఫొటోలు తీసి అర్జీ పెట్టిండు. టిప్పర్లు బందైనయ్. మావోడు టిప్పర్ తోలెటోడు, పని వాయె. గందుకే పైకి వొయ్యి 'నా పొట్ట మీద కొడ్తివి సారూ' అని మొత్తుకున్నడు."

"ఎన్ని గంటలకు?"

"రెండున్నరకు పైకి వోయిండు. మూడు గాకముందే దిగి, బండేసుకొని ఏర్‌పోర్టుకు వోయిండు. కార్గోల లోడింగ్ పని అడుగుతనని."

"దిగింది ఎవరు చూసిండ్రు?"

"నేను."

"నువ్వు గాక?"

శివమ్మ గోడవతల పక్కింటి వైపు చూసింది. అదీ సంగతి. అరుపులు విన్న పక్కింటి సత్తెమ్మ సీరియల్ మొదలైందని లోపలికి పోయింది. కన్నతల్లి సాక్ష్యాన్ని కోర్టులో ఎవడు లెక్కపెడతాడు?

పాండు లాయరు నా చేతికిచ్చిన నకళ్ళ ప్రకారం పోలీసుల కేసు చాలా శుభ్రంగా ఉంది. శ్రీరామమూర్తి గారు డాబా మీద నుంచి పెరట్లో బట్టలుతికే బండ మీద పడి చనిపోయారు. అయిదుంబావుకు అత్తాపూర్‌లో చెల్లెలి ఇంటి నుంచి తిరిగొచ్చిన భార్య రత్నమాల గారు చూసి కేకలు వేశారు. డాక్టరు రెండుకూ అయిదుకూ మధ్య ఎప్పుడైనా అన్నాడు. శవం కింద పగిలిన కెమెరా దొరికింది. కెమెరా ముక్కలైంది గాని అందులోని కార్డు బతికింది. కార్డులో చివరి ఫొటో టైము మధ్యాహ్నం రెండూ నలభై ఒకటి. ఆ తర్వాత ఆయన ఒక్క ఫొటో కూడా తియ్యలేదు. రెండూ నలభై ఒకటికి డాబా మీద ఉన్నది పాండు.

మరి కెమెరా గడియారం సరిగ్గా ఉందని నమ్మకమేమిటి? ఆ నమ్మకం ఇచ్చినవాడు వీరేందర్. పోలీసులకు కంప్యూటర్ పరీక్షలు చేసిపెట్టే ప్రైవేటు నిపుణుడు. అతనూ నేనూ నాలుగేళ్ళు ఒకే ఏజెన్సీలో పనిచేశాం. నేను తిరిగి తిరిగి తెచ్చిన సంగతులను తన పేరుతో టైపు చేయించుకున్న ఘనుడు. అతని రిపోర్టు పేజీన్నర: కార్డులో పాత ఫొటోలు కూడా ఉన్నాయి, వాటి నకళ్ళు ముసలాయన కంప్యూటర్లో ఉన్నాయి, రెండుచోట్లా టైములు సెకనుతో సహా కలిశాయి, కాబట్టి కెమెరా గడియారం సరైనదే.

నాకు చిరాకెత్తించింది ఆ 'సెకనుతో సహా' అన్న మాటే. డిటెక్టివ్ పనిలోకి రాకముందు నేను ఆరేళ్ళు పెళ్ళి ఆల్బమ్‌లు డిజైన్ చేశాను. ఒక పెళ్ళికి ముగ్గురు ఫొటోగ్రాఫర్లు వస్తే మూడు కెమెరాలూ మూడు టైములు చూపించేవి. వాటన్నిటినీ ఒక వరుసలోకి తేవడానికే నాకు సగం రోజు పట్టేది.

డాబా మీదికి వెళ్ళే గ్రిల్ గేటుకు ఆయన పోయినప్పటి నుంచే తాళం వేస్తున్నారు, చెవి శివమ్మ బొడ్లో ఉంది. తీసింది. పైన ఆయన ఫొటోల పని చేసుకునే చిన్న గది, బయట ఖాళీ డాబా. కుంట వైపు పిట్టగోడ నా మోకాలి ఎత్తు కూడా లేదు. కింద పెరటి గేటు, సందు, ఆ వెనక సగం పూడ్చిన కుంట. సోమవారం పొద్దుటి నుంచి మబ్బు పట్టి ఉందట. చివరి ఫొటోలో ఎక్కడా నీడ లేదు. నీడ ఉంటే టైము అదే చెప్పేది. నా అదృష్టం ఎప్పుడూ అలాగే ఏడుస్తుంది.

గదిలో రత్నమాల గారు కంప్యూటర్ ముందు కుర్చీలో కూర్చుని ఉన్నారు, దాన్ని ముట్టుకోకుండా. పక్కనే చేతిలో పట్టేంత హార్డ్ డిస్క్. మొత్తం ఫొటోలన్నీ అందులోనే. ఆమె బతిమాలితే పోలీసులు నకలు ఉంచుకుని నిన్న సాయంత్రం తిరిగిచ్చారు.

"లక్షా పన్నెండు వేలమ్మా," అన్నారు ఆమె. "రిటైరైనప్పటి నుంచీ ఇదే లోకం. ప్రతి ఫొటో లోపలా ఎప్పుడు తీసిందీ, ఎక్కడిదీ, ఎవరున్నారూ, అన్నీ రాసేవారు. పాత అట్ట ఫొటోలు కూడా స్కాను చేసి వాటికీ తేదీలు వేశారు. ఆదివారం ఎవరో ఫోన్ చేసి, మీ ఫొటోలన్నీ ఉచితంగా సర్ది పెడతాం అన్నారట. నా ఫొటోలు నేనే సర్దుకుంటానని ఈయన కోప్పడ్డారు."

"ఎవరా ఫోన్ చేసింది?"

"పేరు చెప్పలేదు. కుంట ఫొటోల గురించే ఎక్కువ అడిగాడట."

సర్దడమంటే ఏమిటో నాకు తెలుసు. ప్రతి డిజిటల్ ఫొటో లోపలా పైకి కనబడని చీటీ ఒకటి ఉంటుంది. తీసిన తేదీ, టైము అందులో ఉంటాయి. మంచివాడు ఆ చీటీని దిద్దితే ఫొటోలు వరుసలోకి వస్తాయి. చెడ్డవాడు దిద్దితే పోయిన నెలలో పోసిన మట్టి పదేళ్ళ కిందటిదైపోతుంది. కుంట అర్జీకి ప్రాణం ఆ తేదీలే.

నేను జూన్ నెల ఫొటోలు, కార్డు ప్రింటు పక్కపక్కన పెట్టుకుని చూస్తున్నాను. వీరేందర్ రాసింది నిజమే, అన్నీ కలుస్తున్నాయి. రెండూ పది అయింది. నాకు పళ్ళు నూరుకోవడం తప్ప ఇంకేం తోచలేదు.

"అమ్మాయ్," అన్నారు రత్నమాల గారు మెల్లగా. "మా పెళ్ళి ఫొటో ఒక్కసారి తీసి చూపిస్తావా? నాకా మిషను చేతకాదు."

నాకు టైము లేదు. అయినా ఆ ముఖం చూసి కాదనలేకపోయాను. వెతికి తీశాను. నలుపు తెలుపు ఫొటో. అడ్డుతెర అప్పుడే తీసినట్టున్నారు, ఇద్దరూ ఒకరి తల మీద ఒకరు చెయ్యి పెట్టి ఉన్నారు. కింద చీటీలో: 1983 మే 22, రాత్రి 11:17.

ఆమె ముందుకు వంగి చదివి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చేశారు.

"ఏమైందమ్మా?"

"ఇరవై రెండు అని వేశారు! నలభై రెండేళ్ళూ ఈ గొడవేనమ్మా మాకు. శుభలేఖలో ఇరవై రెండో తేదీ ఆదివారం రాత్రి అని అచ్చు వేశారు. నేను పెళ్ళిరోజు ఇరవై రెండు అనేదాన్ని. ఆయనేమో అర్ధరాత్రి దాటాక జరిగింది కాబట్టి ఇరవై మూడు అనేవారు. ప్రతి ఏడూ అలిగేవాళ్ళం. ఇందులో కూడా ఇరవై మూడే రాశారు, నాకు చూపించి మరీ ఉడికించారు. ఇదుగో, నాకు చెప్పకుండా మార్చేశారు చూడు. చివరికి నా మాటే నెగ్గించి పోయారు మహానుభావుడు."

నేను ఫొటో కింది చీటీ మళ్ళీ చదివాను.

"అమ్మా, ముహూర్తం ఎన్నింటికి?"

"పన్నెండూ నలభై ఏడు."

"ఇక్కడ పదకొండూ పదిహేడు అని ఉంది."

"పదకొండూ పదిహేడేమిటి? అప్పటికి నేను గౌరీపూజలో ఉన్నాను. చూడు, ఇద్దరి చేతుల్లోనూ జీలకర్ర బెల్లం. అది పెట్టిందే ముహూర్తం. ఆయన నిమిషం తేడా రానిచ్చే మనిషి కాదు."

కిందికి వెళ్ళి బీరువాలోంచి శుభలేఖ తెచ్చారు. పసుపు మరక మధ్యలో స్పష్టంగా ఉంది: రాత్రి గం. 12-47 ని.లకు.

"అర్ధరాత్రి పెండ్లేందమ్మా?" అంది గుమ్మంలో నిలబడ్డ శివమ్మ. "మా దిక్కు పగటి పూటనే అయితయ్."

ఆ అర్ధరాత్రి ముహూర్తం సంగతి ఇంకెవరికో కూడా తట్టలేదు. పాత అట్ట ఫొటోకు టైమేమిటి, ఎవరికి గుర్తుంటుంది అనుకున్నారు. పన్నెండూ నలభై ఏడులోంచి పదకొండూ పదిహేడు తీస్తే గంటన్నర. ఒక్క నిమిషం అటూ ఇటూ లేదు.

"టైము తెలియని పాత ఫొటోలకు ఏం వేసేవారు?"

"మిట్టమధ్యాహ్నం పన్నెండు. మా అత్తగారి ఫొటోకీ అంతే."

అత్తగారి ఫొటో తీశాను. ఉదయం 10:30. మామగారిది 10:30. వరుసగా నాలుగు వందల స్కాను ఫొటోలు, అన్నీ 10:30. ఎవడో మొత్తం లక్షా పన్నెండు వేల ఫొటోలనూ ఒక్కసారే పట్టుకుని గంటన్నర వెనక్కి తోసేశాడు. వేరు చేసి తోసే ఓపిక కూడా లేదు ఆ దొరగారికి.

ఎప్పుడు తోశాడు? ఫైళ్ళు చివరిసారి మార్చిన తేదీ చూశాను. జూలై 9, బుధవారం, ఉదయం 11:52 నుంచి. శ్రీరామమూర్తి గారు పోయింది సోమవారం.

"అమ్మా, కంప్యూటర్ తీసుకుపోయినప్పుడు కాగితం ఇచ్చారా?"

ఇచ్చారు. సోమవారం రాత్రి స్వాధీనం, మంగళవారం పరీక్షకు వీరేందర్‌కు అప్పగింత, గురువారం సాయంత్రం వాపసు. మధ్యలో బుధవారమంతా అది వీరేందర్ టేబుల్ మీదే ఉంది. కింద అతని సంతకం. నాలుగేళ్ళు ఆ సంతకం చూసీ చూసీ విసిగిపోయినదాన్ని. మొట్టమొదటిసారి దాన్ని చూస్తే సంతోషమేసింది. ఆ వెంటనే ఒళ్ళు మండిపోయింది. నా పని దొంగిలిస్తే పోనీలే అనుకున్నాను. వీడు ఒక మనిషి బతుకునే దొంగిలిస్తున్నాడు.

ఒక్కటే మిగిలింది. గంటన్నరే ఎందుకు?

"ఆ కెమెరా ఎక్కడిదమ్మా?"

"జగదీశ్ గారిది. ఈయన ప్రాణస్నేహితుడు, దుబాయ్‌లో విమానాల ఇంజనీరు. కరోనాలో పోయాడు. వాళ్ళావిడ పంపించింది."

దుబాయ్ గడియారం మనకన్నా గంటన్నర వెనక.

"గడియారం మార్చలేదా?"

"ముట్టుకోనిచ్చేవారు కాదు. వాడి టైము వాడిదే ఉండనీ అనేవారు. రోజూ సాయంత్రం ఫొటోలు ఇందులోకి ఎక్కించి, గంటన్నర కలిపేసి, ఆ తర్వాతే భోజనానికి దిగేవారు."

అంటే కార్డులో దుబాయ్ టైము, కంప్యూటర్లో మన టైము. రెండూ కలవకూడదు! కలిశాయంటే ఎవడో పనిగట్టుకుని కలిపాడు.

రెండూ యాభైకి మెట్ల మీద బూట్ల చప్పుడైంది. ఎస్‌ఐ బిక్షం, వెనకాలే వీరేందర్. వీరేందర్ తన పసుపుపచ్చ హెల్మెట్ తెచ్చి తిన్నగా శుభలేఖ మీద పెట్టాడు. నన్ను చూసి నవ్వాడు.

"ఓహో, ఆల్బమ్ మేడమ్ వచ్చిందా! పెండ్లి ఫొటోలు చూస్తున్నవా?"

"అవును. నీ పెండ్లి చేసే ఫొటోలు."

"లొల్లి వద్దు," అన్నాడు బిక్షం. చెడ్డ మనిషి కాదు, కాని ఎప్పుడూ తొందరే. "అమ్మా, వాంగ్మూలం మీద ఒక్క సంతకం పెట్టుండ్రి. నాలుగింటికి కోర్టు."

"పెట్టకండమ్మా," అన్నాను. "సారూ, పది నిమిషాలియ్యండి. తప్పయితే నా లైసెన్సు మీ జేబులో పెట్టుకోండి."

బిక్షం గడియారం చూసుకున్నాడు. "అయిదు."

"వీరేందర్, కార్డు టైమూ కంప్యూటర్ టైమూ కలిసినయని రాసినవు కదా?"

"సెకనుతో సహా కలిసినయ్. సంతకం పెట్టిన."

"కలిసినయా, నువ్వు కలిపినవా?"

అతని నవ్వు తగ్గలేదు. "కారణం చెప్పు. మాటలు వద్దు."

హెల్మెట్ పక్కకు జరిపి శుభలేఖ బిక్షం చేతికిచ్చాను. పెళ్ళి ఫొటో చూపించాను. అత్తగారి పదిన్నర, మామగారి పదిన్నర చూపించాను. దుబాయ్ కెమెరా సంగతి రత్నమాల గారే చెప్పారు.

"ముసలాయనే మార్చుకొని ఉంటడు," అన్నాడు వీరేందర్. "దినమంతా గదే పని గదా ఆయనకు."

"బుధవారం నాడా? సోమవారం పోయిన మనిషి?"

"నకలు తీస్తే ఫైల్ తేదీ మారతది. గింత కూడ తెల్వదా?"

"ఫైల్ తేదీ మారతది, ఒప్పుకుంట. పెండ్లి ముహూర్తం ఎట్ల మారతది?"

బిక్షం వేళ్ళ మీద లెక్కపెట్టాడు.

"రెండూ నలభై ఒకటికి గంటన్నర కలిపితే..."

"నాలుగూ పదకొండు. అప్పటికి ఆయన బతికే ఉన్నరు సారూ, ఫొటో తీస్తున్నరు. మీ ఫైల్లోనే కార్గో గేటు రిజిస్టర్ నకలు ఉంది. పాండు లోపలికి పోయింది మూడూ ఇరవై అయిదు, బయటికొచ్చింది అయిదూ అయిదు. రెండూ నలభైకి చంపి పోయిండని దాన్ని పక్కన పడేసిండ్రు."

బిక్షం ముఖం నల్లబడింది. వీరేందర్ వైపు ఒక్క చూపు చూశాడు. "ఎవరూ కదలొద్దు. జీపు వైర్‌లెస్ సెట్లో చెప్పొస్త," అని దడదడమంటూ మెట్లు దిగిపోయాడు.

నేను చివరి ఫొటో ప్రింటు చేతిలోకి తీసుకున్నాను. మట్టి కుప్పలు, సగం కుంట, కింద మూల పెరటి గేటు దగ్గర ఒక నల్ల బండి ముందు భాగం. పోలీసులు దాని పక్కన ఎర్ర ఇంకుతో 'పాండు బండి' అని రాశారు. రెండూ నలభై ఒకటికైతే సరే. నాలుగూ పదకొండుకు పాండు బండి ఎయిర్‌పోర్టులో ఉంది. మరి ఇదెవరిది?

"అక్కా, ఇది మీవోని బండేనా?"

శివమ్మ కళ్ళు చికిలించి చూసింది. "నల్లగనే ఉన్నది గని... అద్దానికి ఏందో తగిలేసి ఉన్నదే? హెల్మెటా? మావోనికి హెల్మెట్ ఏడిది బిడ్డా? గందుకే గదా రెండుసార్లు చలాన్ పడ్డది!"

పసుపుపచ్చ హెల్మెట్. నుదుటి దగ్గర పొడుగ్గా గీత పడి ఉంది.

ముగ్గురం ఒకేసారి టేబుల్ వైపు చూశాం. అదే హెల్మెట్, అదే గీత. పాండు బండి అని ఎర్ర ఇంకుతో రాసేశాక ఇంకెవరు చూస్తారులే అన్న ధీమా! ఇన్నేళ్ళయినా వీడి పొగరు ఇంతైనా తగ్గలేదు.

"మట్టి పోసెటోళ్ళ పైసలు తిని ఆదివారం ఫోన్ చేసింది నువ్వే," అన్నాను. "కుంట ఫొటోల తేదీలు మార్చనీయమని సోమవారం పెరటి గేటు నుంచి వచ్చి అడిగినవు. ఆయన ఛీ పొమ్మన్నరు. తోసినవు. తర్వాత కార్డు నీ చేతికే వస్తే, గంటన్నర తేడా చూసి పండుగ చేసుకున్నవు."

వీరేందర్ ఒక్క గుంజుతో హార్డ్ డిస్క్ వైరు పీకి, దాన్ని పట్టుకుని డాబా మీదికి నడిచాడు. నేను వెంటపడ్డాను. మెట్ల దగ్గర గ్రిల్ గేటు అప్పటికే మూసుంది. శివమ్మ తాళం వేసి, చెవి బొడ్లో దోపుకుని, గేటుకు వీపు ఆనించి నిలబడింది.

అతను పిట్టగోడ దగ్గరికి పోయి చెయ్యి బయటికి చాపాడు. కింద అదే బండ.

"చెవి ఇయ్యమను. లేకుంటే లక్షా పన్నెండు వేలు పోతయ్. ముసలామె పెండ్లి ఫొటోతో సహా."

భయం వేయలేదంటే అబద్ధం. మోకాలెత్తు గోడ, రెండడుగుల దూరంలో ఒకసారి మనిషిని తోసినవాడు. కాని నాలుగేళ్ళ కోపం నా గొంతులోంచి వచ్చింది.

"పారెయ్! కోర్టుకు నువ్వే సీలు వేసి ఇచ్చిన నకలు ఉంది. మార్చినంక తీసిన నకలే కదా? అందులో కూడ పెండ్లి పదకొండూ పదిహేడుకే ఉంటది. నీ సంతకంతో. కార్డు స్టేషన్ల ఉంది. నీ చేతిల ఉన్నది వట్టి డబ్బా."

అతని చూపు నా మీద నుంచి రత్నమాల గారి మీదికి జరిగింది. ఆమె ఎప్పుడు వచ్చారో నా పక్కన నిలబడి ఉన్నారు.

"వదిలెయ్యి నాయనా. నా పెళ్ళి నాకు గుర్తుంది. అమ్మాయ్, నువ్వు ఎక్కడైనా రాసిపెట్టు. ఇరవై మూడు. ఆయన చెప్పిందే."

వీరేందర్ చెయ్యి అలాగే గాలిలో ఉండిపోయింది. గ్రిల్ అవతల బిక్షం బూట్ల చప్పుడు వచ్చి ఆగింది.

"తాళం తియ్ తల్లీ!"

శివమ్మ కదల్లేదు. వెనక్కి తిరిగి కూడా చూడలేదు.

"నా కొడుకు సంగతి ఫస్టు చెప్పు సారూ. గప్పుడు తీస్త."

"కోర్టు తొవ్వల కెళ్ళి జీపు వాపస్ తిప్పించిన. పాండు మీద రిమాండు అడుగుతలేం. ఇగ తియ్యి!"

శివమ్మ బొడ్లోంచి చెవి తీసింది.